ఖాళీ కట్టిన నూకయ్య

బెంగాలీల రైల్వే ఊళ్ళో మా తెలుగువాళ్ళ సమాజం పాతికేళ్ళ పండగకి వేస్తున్న సంచికలో నూకయ్య మీద నాలుగు వాక్యాలు రాసిపెట్టమని కార్యదర్శి వరాహనరసింహం గారు మనిషిని పంపారు. నాలుగే ఎందుకట? ఆ పేజీలో మిగిలిన చోటు అంతేనట. పైగా ఏం రాయాలో కూడా ఆయనే చీటీ మీద రాసి పంపారు. నిరాడంబరుడు, మృదుస్వభావి, సమాజానికి నమ్మకమైన సేవకుడు. ఆ చీటీ తీసుకెళ్ళి పొయ్యిలో పడేశాను. నూకయ్య మృదుస్వభావి ఏమిటి? ఖరిదా బజారులో ఆ మనిషి కోపం ఎరగనివాళ్ళు లేరు. సేవకుడు అంతకన్నా కాదు. నూకయ్య పోయి ఏడాదైంది కాబట్టి ఏం రాసినా చెల్లుతుందనుకున్నారు కాబోలు. నాకు తెలిసిన నూకయ్యని నాకిష్టమొచ్చినంత పొడుగున రాస్తాను. వేసుకుంటే వేసుకుంటారు, లేకపోతే నా పెట్టెలో పడి ఉంటుంది.

నూకయ్య ఖరిదాలో ఒక చిన్న ప్రెస్సులో అచ్చుకి అక్షరాలు కూర్చే కంపోజిటరు. యజమాని బెంగాలీ ఆయన, ఊరంతా దాదా అనేది. బెంగాలీ, ఇంగ్లీషు, హిందీ, తెలుగు అక్షరాలు నాలుగు గోడల వెంట చెక్క కేసుల్లో ఉండేవి. కేసు అంటే గళ్ళు గళ్ళుగా చేసిన పెద్ద సొరుగు. ఒక్కో గడిలో ఒక్కో సీసపు అక్షరం. తెలుగు గోడ నూకయ్యది. వాళ్ళ నాన్న పలాస దగ్గర పల్లె నుంచి వచ్చి ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో బరువులు మోసే కళాసీగా చేరాడు. ఆయన పోయాక ఇంట్లో ఒక్కరికే ఉద్యోగం అంటే, నూకయ్య తమ్ముడు తవిటయ్య పేరు రాయించి, తాను ప్రెస్సులో నేల ఊడ్చే పనికి కుదిరాడు. బడి మొహం చూసినవాడు కాదు. ఊడ్చేటప్పుడు దొరికిన అక్షరాలు ఏ గడివో కనుక్కుంటూ కనుక్కుంటూ చదువు నేర్చుకున్నాడు. సీసపు అక్షరం అద్దంలో చూసినట్టు తిరగేసి ఉంటుంది కదా, నూకయ్యకి అదే సవ్యం. మామూలు పుస్తకం చేతికిస్తే కాసేపు కళ్ళు చిట్లించేవాడు.

ఇక కోపం. పెళ్ళి శుభలేఖ అచ్చుకిచ్చేవాళ్ళు మేనమామల పేర్లు, వాళ్ళ హోదాలు, పెదనాన్నల పేర్లు, వాళ్ళ హోదాలు అన్నీ రాసి తెచ్చేవారు. నూకయ్య ఆ కాగితం ఒకసారి చూసి వాళ్ళ మీదికే తోసేసేవాడు.

“ఇదేటి బాబూ, అట్ట మీద సోటుంది కదాని ఊరోళ్ళందరినీ ఎక్కించేత్తారేటి? జనతా రైలనుకున్నారా? పెళ్ళికూతురు పేరు సుట్టూ కాసింత గాలాడనివ్వండి!”

వాళ్ళు పోయి దాదాకి చెప్పుకునేవారు. దాదా “ఠీక్ హై, ఠీక్ హై” అని పంపేసేవాడు. నూకయ్య కూర్చిన శుభలేఖ చేత్తో పట్టుకుంటే పెళ్ళికూతురి పేరు ముందు కంటికి తగిలేది. తిట్టుకుంటూనే అందరూ మళ్ళీ అతని దగ్గరికే వచ్చేవారు.

నా సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో తిట్లు తినాల్సినవాళ్ళలో నేనూ ఉన్నాను. నా పేరు బాలాంబ. మా నాన్నగారు రైల్వే ఆఫీసులో గుమాస్తా, నేను తెలుగు బడిలో టీచర్ని. సాయంత్రం బడి నుంచి ఇంటికి వర్క్‌షాపు గేటు ముందు నుంచే దారి. సైరను మోగాక ఆ రోడ్డు దాటడం ఎవరి తరమూ కాదు. వేలకి వేలు సైకిళ్ళు ఒక్కసారిగా బయటపడతాయి. నేను టీ కొట్టు గోడ వారగా నిలబడి అన్నీ పోయేదాకా చూసేదాన్ని.

అరవై ఏడులో ఆషాఢం నుంచి ఒకటి గమనించాను. సైకిళ్ళన్నీ వెళ్ళిపోయాక స్టాండులో ఆకుపచ్చ సైకిలు ఒకటి ఉండిపోయేది. ఈరోజు ఉంది, రేపు ఉంది, ఎల్లుండీ ఉంది. వానలో తడిసింది. గొలుసు తుప్పు పట్టింది. విశ్వకర్మ పూజనాడు మిషన్లకీ సైకిళ్ళకీ అందరూ దండలు వేసుకుంటే, ఎవరో దానికీ ఒక బంతిపూల దండ వేశారు. తర్వాత ఆ దండ కూడా ఎండిపోయింది. ఇవన్నీ నేను చూశాను. మూడు నెలలు రోజూ చూశాను.

అప్పుడే ప్రేమ్ బజారులో స్టేషనరీ కొట్టువాడు పాత ఇంగ్లీషు పత్రికల కట్ట అమ్ముతుంటే ఒకటి కొన్నాను. అందులో జపాను వాళ్ళ హైకూ అనే మూడు పాదాల పద్యం గురించి ఉంది. అయిదు, ఏడు, అయిదు. పదిహేడు అక్షరాల్లో ఒక దృశ్యం చూపించి తప్పుకోవాలట. కవి ఏడవకూడదు, వివరించకూడదు. ఓహో, ఇంతేనా అనుకుని ఆ సైకిలు మీద రాశాను.

సైరనయింది
సైకిళ్ళన్నీ వెళ్ళాయి
స్టాండ్లో ఒకటి

నా మీద నాకు ఎంత ముచ్చటేసిందో ఇప్పుడు తలచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

బెంగాలీ వాళ్ళకి పూజా సంచికలు ఉంటాయి కదా, మనకెందుకు ఉండకూడదని మా సమాజం కూడా ఏటా దసరా సంచిక వేసేది. వరాహనరసింహం గారు నా పద్యం చదివి, కాగితం వెనక్కి తిప్పి చూసి, “మిగతాది ఎప్పుడిస్తారు?” అన్నారు. మిగతాది లేదని చెప్పి, నేనే ప్రెస్సుకి పట్టుకెళ్ళాను.

నూకయ్య రెండుసార్లు చదివాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

“ఏ రంగు సైకిలు టీచరమ్మా?”

“ఆకుపచ్చది. హేండిలుకి ఎండిపోయిన దండ ఉంటుంది.”

ఎంత పనికైనా ముందు నాలుగు విసుర్లు విసిరే మనిషి “రేపు రండి” అని మాత్రం అన్నాడు. నేను లేస్తూ చూస్తే కేసులో మూల గడిలో, ఎవరికీ అక్కర్లేని అక్షరం ఉండే గడిలో, ఒక సైకిలు తాళంచెవి ఉంది. కేసులో గుండుసూది కనిపిస్తేనే ప్రెస్సు దద్దరిల్లేలా అరిచే మనిషి దాన్ని అక్కడ ఎందుకు దాచుకున్నాడో నాకు తట్టలేదు.

గుమ్మం దాటాక సుందర్ రాజు వెనకాలే వచ్చాడు. అతను కాలితో నడిపే ట్రెడిల్ అచ్చుమిషను తొక్కేవాడు, నూకయ్యకి పదిహేనేళ్ళ నేస్తం.

“అమ్మా, ఆ సైకిలు మా తవిటయ్యది. నూకయ్యన్న తమ్ముడు. ఆషాడంలో కేరేజీ విప్పి నలుగురితో అన్నం తింటా తింటా గుండె పట్టుకుని ఒరిగిపోనాడు. మనిషి ఆస్పత్రి బండిలో ఇంటికొచ్చినాడు. సైకిలు అక్కడే ఉండిపోనాది. అన్న ఆ గేటుకాడికి పోలేడమ్మా. ఆ పక్కకి అడుగు పడదు.”

అది విని నేను ఏం చేశానో చెప్పనా? ఇంటికెళ్ళి నా పద్యం మళ్ళీ చదువుకున్నాను. ఇంకా బాగున్నట్టనిపించింది.

నూకయ్య రేపు రమ్మన్నవాడు అయిదు రోజులు తిప్పాడు. వెళ్ళినప్పుడల్లా ఆ మూడు పాదాలూ ఒక్కో తీరున ఉండేవి. కూర్చేవాడు, చూసేవాడు, “థూ” అని విప్పేసేవాడు. మిగతా పనంతా ఆగిపోయిందని దాదా కూడా గొణిగాడు. నూకయ్య వినిపించుకోలేదు. తమ్ముడికి తను చెయ్యగలిగిన పని ఇదొక్కటే ఉన్నట్టు, ఇది సరిగ్గా రాకపోతే ఇంకేదీ చెయ్యలేనట్టు, దాని మీదే పడి ఉన్నాడు. ఆరో రోజు ప్రూఫు తీసి నా చేతిలో పెట్టాడు.

పేజీ నెత్తిన, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, వాల్‌పోస్టర్లకి వాడే పెద్ద చెక్క అక్షరాల్లో ‘సైరనయింది’. దాని కింద చిన్న అక్షరాల్లో రెండో పాదం. అది ఎడమ పక్కన ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టు మొదలై, పోనుపోను ఎడమెడంగా జరిగి, ఆఖరి అక్షరం కుడి అంచు దాటిపోబోతున్నట్టు ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు. కాగితం కిందికంటా తెల్లగా ఉంది. అట్టడుగున ఎడమ మూల, ఉందో లేదో అన్నంత చిన్నగా, ‘స్టాండ్లో ఒకటి’.

“గేటుకాడ కిక్కిరిసి ఉంటాయమ్మా సైకిళ్ళు. ముందుకి పోయేకొద్దీ ఇడిపోతాయి. అందుకే అలా ఇడదీసినాను” అన్నాడు.

నేను రాసింది పదిహేడు అక్షరాలు. నేను మూడు నెలలు చూసి రాసినదాన్ని, మూడు నెలలుగా అటు మొహం తిప్పలేని మనిషి నాకన్నా బాగా చూశాడు. అంతలో వరాహనరసింహం గారు గొడుగు ముడుచుకుంటూ లోపలికి వచ్చారు. ఆయన హెడ్ క్లర్కు. ఆఫీసు వదిలి వచ్చినా ఆ కుర్చీ ఆయన వెనకాలే వస్తుంది.

“ఇదేమిటి నూకయ్యా, పేజీ అంతా ఖాళీగా వదిలేశావు?”

“వొదల్నేదండి. పేజీయే అది.”

“పండగ సంచికలో ఇలాంటి పేజీ ఏమిటి, ఎవరో పోయినట్టు! పద్యం మధ్యకి తెచ్చి చుట్టూ పూల బోర్డరు వెయ్యి. కింద గంగాభవాని తలనూనె ప్రకటన పడుతుంది. చోటు ఊరికే పోతోంది.”

నూకయ్య మొహం నల్లబడింది. ఆయన్ని చెయ్యి పట్టుకుని, హెడ్ క్లర్కుని, చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి లాక్కెళ్ళాడు. ఇనప చట్రంలో బిగించిన పేజీ అక్కడ ఉంది.

“ఊరికేనా? సెయ్యెట్టి సూడండి. ఎట్టండి! అచ్చరాలు పదిహేడు. మిగతాదంతా ఏటనుకున్నారు? సీసం బద్దలు, సెక్క దిమ్మలు. సిరా అంటకుండా ఒక్కొక్కటీ కొలిసి, కోసి, ఇరికించి పెట్టినాను. ఇందులో ఒక్కటి వొదులైతే పేజీ మొత్తం కూలిపోతాది. మాటలు కూర్సడానికి నాకు అరగంట పట్టినాది. ఈ కాళీ కట్టడానికి అయిదు రోజులు పట్టినాది. ఊరికే అంటారేటండీ? ఊరికే ఏది వచ్చినాది నాకు?”

“అక్షరాలు కూర్చేవాడివి కూర్చు. సంచిక ఎలా ఉండాలో మేం చూసుకుంటాం” అన్నారు వరాహనరసింహం గారు, చెయ్యి తుడుచుకుంటూ.

అప్పుడు నేను నోరు చేసుకున్నాను. నా పద్యం నూకయ్య కట్టినట్టే పడాలి, లేకపోతే వెనక్కి తీసేసుకుంటాను, దసరా నాటకానికి పిల్లల్ని కూడా మీరే తయారు చేసుకోండి అన్నాను. నాటకం మాట వినగానే ఆయన మెత్తబడ్డారు. నాటకానికి ముఖ్య అతిథిని అప్పటికే పిలిచేశారు మరి. “సరే, మీ ఇష్టం. పండగ పూట గొడవెందుకు” అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. నూకయ్యా నేనూ గెలిచామనుకున్నాం. ప్రూఫు నా దగ్గరే ఉంచుకోమన్నాడు. దాని అంచు మీద అతని బొటనవేలి సిరా ముద్ర ఉంది.

ఆ మర్నాడు తవిటయ్యకి మూడో మాసికం. నూకయ్య ప్రెస్సుకి రాలేదు. సంచిక ఆలస్యమైపోతోందని దాదా తొందరపెడితే సుందర్ రాజు తెల్లారకుండానే వచ్చి మిషను ఎక్కాడు. ముందురోజు గొడవ జరిగినప్పుడు అతను కాగితం తేవడానికి బజారుకెళ్ళాడు. అయిదు రోజులూ కూర్చడం, విప్పడం చూశాడు గానీ చివరికి ఎలా కుదిరిందో అతనికి తెలియదు. చట్రం చేతిలోకి తీసుకుని చూశాడు. ఒక పాదం కుడి అంచుకి పోయింది. ఒక పాదం కింద మూలకి పోయింది. మధ్యలో ఏమీ లేదు.

అక్షరాల మధ్య బతికినవాడు ఎవడైనా ఏమనుకుంటాడు? పేజీ జారిపోయిందనుకుంటాడు. బల్ల మీంచి మిషను దాకా మోసుకొచ్చేటప్పుడు బిగింపు వదులై అక్షరాలు పక్కకి పోవడం ప్రెస్సులో మామూలే. అలాంటిది కనబడితే నోరు మూసుకుని సర్దెయ్యడం నేస్తం చెయ్యాల్సిన పని. పేజీ జారిందని నలుగురికీ తెలిస్తే కంపోజిటరుకి తలవంపులు. సుందర్ రాజు చట్రం విప్పాడు. సీసం బద్దలు తీసేశాడు. పై పాదానికి ఆ చెక్క అక్షరాలు తాత్కాలికంగా పెట్టినవనుకుని మార్చి, మూడు పాదాలూ మధ్యకి తెచ్చి ఒకే సైజు అక్షరాల్లో ఒకదాని కింద ఒకటి పేర్చాడు. చూస్తే బోసిగా ఉన్నట్టనిపించింది. మా తవిటయ్య పద్యం కదా అనుకుని, మద్రాసు నుంచి తెప్పించి ఎవరి పనికీ వాడకుండా దాచుకున్న కొత్త పూల బోర్డరు తీసి చుట్టూ బిగించాడు. అయిదు వందల కాపీలు తొక్కాడు.

మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి నూకయ్య వచ్చి ఉన్నాడు. మాసికానికి గొరిగించుకున్న తల, భుజాన తడి తువ్వాలు. అతని చేతిలో ఆ కాగితం ఉంది. సుందర్ రాజు ఎదురుగా నిలబడి మెప్పుకోసం చూస్తున్నాడు.

“పేజీ జారిపోనాదన్నా. నాను సరిసేసినాను. బాగుందేటి?”

నూకయ్య చట్రం రెండు చేతులా ఎత్తి నేలకేసి కొట్టాడు. పూలు, అక్షరాలు, దిమ్మలు అన్నీ గదంతా చెదిరిపోయాయి. ప్రెస్సులో కూర్చిన పేజీని నేలపాలు చెయ్యడం కన్నా పెద్ద పాపం లేదు. బెంగాలీ గోడ దగ్గర పని చేసుకుంటున్నవాళ్ళు లేచి నిలబడ్డారు.

“జారిపోనాదా? ఇరవయ్యేళ్ళలో నా పేజీ ఎప్పుడు జారినాదిరా? నీ పువ్వులెవడడిగినాడు? ఆడి సుట్టూ పువ్వులెట్టి, ఆడికేటి పెళ్ళి సేత్తన్నావా?”

సుందర్ రాజుకి సంగతి అర్థమయ్యేసరికి అక్కడే నేల మీద కూలబడ్డాడు. చెదిరిన అక్షరాలు ఏరుతూ ఏడ్చాడు. వరాహనరసింహం గారు ఆ పని చేసి ఉంటే ఆయన్ని వీధిలో నిలబెట్టి తిట్టేదాన్ని. ఆయనేమీ చెయ్యలేదు. చేసినవాడు ప్రేమతో చేశాడు. అలాంటివాణ్ణి ఎలా తిట్టడం? ఆ తిట్టలేని కోపంతో నాకు రెండు రోజులు అన్నం దిగలేదు. మళ్ళీ అచ్చు వెయ్యడానికి కాగితం లేదన్నారు. సంచిక కుట్టడానికి వెళ్ళిపోయింది.

మూడో రోజు నాకొక ఆలోచన వచ్చింది. ఇప్పుడు రాస్తున్నా సిగ్గేస్తోంది. సరైన ప్రూఫు నా దగ్గర ఉంది కదా, దాన్ని తవిటయ్య భార్య చిలకమ్మకి చూపిద్దాం అన్నాను. ఆవిణ్ణి నేనెరుగుదును. మొగుడు పోయాక జంతికలు చేసి, డబ్బా నెత్తిన పెట్టుకుని తన పేట పూరీ గేట్ నుంచి ప్రేమ్ బజారు దాకా నడిచి అమ్ముకునేది. మా బడి దగ్గర కూడా చాలాసార్లు కొన్నాను. ఆవిడ తవిటయ్య భార్య అని ఆ గొడవల్లోనే తెలిసింది.

“వొద్దు టీచరమ్మా. అదేటి సూత్తాది? సదువు రాదు” అన్నాడు నూకయ్య.

“నేను చదివి వినిపిస్తాను” అన్నాను. ఆవిడ కళ్ళ నీళ్ళు పెట్టుకుంటుందనీ, నా చేతులు పట్టుకుంటుందనీ అనుకున్నాను. నూకయ్యని తోసుకుంటూ తీసుకెళ్ళాను.

పూరీ గేట్‌లో చిన్న గది. చిలకమ్మ గుమ్మంలో కూర్చుని డబ్బా తుడుస్తోంది. బావగారిని చూసి లేచి పక్కకి నిలబడింది. మొగుడి అన్న ముందు గొంతెత్తి మాట్లాడిన మనిషి కాదు. నేను ప్రూఫు చేతికిచ్చాను. చదవబోతే చెయ్యి అడ్డం పెట్టింది. కాగితాన్ని వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూసింది.

“ఇక్కడ గట్టిగా అరిసినాది” అంది, పైన పెద్ద అక్షరాల మీద వేలు పెట్టి. “సైరనేటమ్మా ఇది?”

నేను అవునన్నాను.

వేలు కిందికి జరిగింది. “ఇయ్యన్నీ పోనాయి. ఇలా, ఇలా.” ఆ వేలు కుడి అంచుదాకా పోయి, వెనక్కి తిరిగి, తెల్ల కాగితం మీంచి మెల్లగా దిగి, అడుగున మూల దగ్గర ఆగింది. “ఇదొకటే ఉండిపోనాది.”

ఒక్క అక్షరం రాని మనిషి పద్యం మొత్తం చదివేసింది. నేను నూకయ్య వైపు చూశాను. అతను నేల చూస్తున్నాడు.

“ఇది మా ఇంటాయన సైకిలేనా?” అని అడిగింది చిలకమ్మ. నేను తలూపాను. అప్పుడు ఆవిడ నన్నొదిలేసి సూటిగా అతనికేసి తిరిగింది.

“బావా, ఆపీసోళ్ళు లోపలెట్టి తాళమేసినారన్నావు. కాయితాలవ్వాలన్నావు. రేపన్నావు, ఎల్లుండన్నావు. బయటే ఉందేటి? వానలో ఉందేటి మూడు నెల్లూ?”

“ఆ గేటుకాడికి నా కాళ్ళు పోనేదు చిలకమ్మా” అన్నాడు నూకయ్య. అంత చిన్న గొంతు అతనిదని నాకు తెలియదు.

“నీ కాళ్ళు పోనేదు. నా కాళ్ళు పోతన్నాయి కదా, పూరీ గేట్ నుంచి ప్రేమ్ బజారికి! ఈ డబ్బా నెత్తినెట్టుకుని రోజూ పోతన్నాను, మెడ ఇరిగిపోతన్నాది. ఆ సైకిలుంటే ఎనకాల కట్టుకుని తోసుకుంటా పోదును. ఏదో కాయితానికి అయిదు రోజులు కూకున్నావని సుందర్ రాజన్న సెప్పినాడు, దీన్ని మూల నిలబెట్టడానికేటి? తేవడానికి ఒక్క పూట సాలదా?”

ఆవిడ నా వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

“నువ్వు రోజూ సూసినావా అమ్మా?”

“చూశాను.”

“మూడు నెల్లు సూసినావు. ఎవరిదని ఒక్కరినడగనేదా?”

అడగలేదు. కవి వివరించకూడదట, ఏడవకూడదట, చూసి తప్పుకోవాలట. నేను తప్పుకున్నాను. నా బడి గేటు ముందు ఆవిడ దగ్గర జంతికలు కొనుక్కుని తింటూ వెళ్ళి, ఆవిడ మొగుడి సైకిలు చూసి, బాగుందనుకుని పద్యం రాసుకున్నాను. ఆవిడ ప్రూఫు మడవకుండా, నలగకుండా తెచ్చి నా చేతిలో పెట్టింది.

“కాయితం నువ్వే ఉంచుకో. నాకు సైకిలు కావాల.”

నూకయ్య అక్కణ్ణించి అక్కడే ప్రెస్సుకి నడిచాడు. కేసు మూల గడిలోంచి తాళంచెవి తీసుకుని, వర్క్‌షాపు దారి పట్టాడు. నేను వెనకాలే వెళ్ళాను. మేం గేటు దగ్గరికి చేరేసరికి సైరను మోగింది. వేల సైకిళ్ళు ఎదురొస్తుంటే ఆ మనిషి వాటికి ఎదురు నడిచాడు. తప్పుకోమని గంటలు కొట్టారు, తిట్టారు. అతను ఎవరికీ తప్పుకోలేదు. స్టాండు దగ్గర ఆగి, ఎండిన దండ మీద చెయ్యి వేశాడు. అది పొడిపొడిగా రాలిపోయింది.

తాళంచెవి తిరగలేదు. తుప్పు పట్టి బిగుసుకుపోయింది. నూకయ్య దాన్ని తిప్పుతూ, తమ్ముణ్ణి తిడుతూ, సైకిల్ని తిడుతూ, తనని తాను తిట్టుకుంటూ ఉన్నాడు. వేళ్ళు గీరుకుపోయి నెత్తురొచ్చింది. అంతలో పక్కనుంచి ఒక నూనె డబ్బా ముక్కు తాళం మీదికి వంగింది. ట్రెడిల్ మిషనుకి పోసే నూనె డబ్బా. సుందర్ రాజు ఎప్పుడొచ్చాడో నేను చూడలేదు. నాలుగు చుక్కలు వేశాడు. తాళం ఊడింది. చక్రాల్లో గాలి లేదు. ఒకరు హేండిలు, ఒకరు సీటు పట్టుకుని పూరీ గేట్ దాకా తోసుకెళ్ళారు.

మర్నాడు చిలకమ్మ డబ్బాని సీటు వెనక తాడుతో కట్టుకుని, సైకిలు తోసుకుంటూ మా బడి ముందు నుంచి వెళ్ళింది. నన్ను చూసింది, ఆగలేదు. సాయంత్రం స్టాండు పూర్తిగా ఖాళీగా ఉంది. నేను దాని మీద ఏమీ రాయలేదు, ఆ తర్వాత దేని మీదా రాయలేదు. దసరా సభలో వరాహనరసింహం గారు నా పేజీ తెరిచి చూపించి, బోర్డరుతో ఎంత నిండుగా ఉందో అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇప్పటికీ ఎవరైనా వచ్చి, టీచర్ గారూ, ఆ సైకిలు పద్యం ఎంత బాగుందండీ అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

కార్యదర్శి గారూ, మీ దగ్గర నాలుగు వాక్యాల చోటే ఉందని రాశారు. ఇందులోంచి నాలుగు ఏరుకోవద్దు. నూకయ్య పేరు వేసి, ఆ చోటు ఖాళీగా ఉంచండి అని రాద్దామనుకున్నాను. కానీ అది ఊరికే రాదు. కొలిచి, కోసి, ఇరికించి కట్టాలి. ఆ కట్టేవాడే పోయాడు.